పదో మనిషి

ఉన్ని బంతి బ్యాట్ గట్ మీద పడితే వచ్చే చప్పుడు ఇంక దేనికీ రాదు. క్రికెట్ బంతిలా టక్కుమనదు, షటిల్ కాక్‌లా టిక్కుమనదు. తడిగుడ్డని బండ మీద మెత్తగా ఒక్కసారి వేసినట్టు ‘తప్’ మంటుంది. 2018 ఫిబ్రవరిలో ఒకనాడు, ఇంకా సరిగా తెల్లవారకుండానే, రాజమండ్రిలో మా పేట హైస్కూలు ప్రహరీ పక్క నుంచి నడుస్తుంటే ఆ చప్పుడు వినపడింది. నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ చప్పుడు విని ముప్పై ఏళ్ళు దాటింది.

ఆ పూట నేను నడుస్తున్నది సరదాకి కాదు. అంతకు ముందు ఏడాది రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ 7.6 వచ్చింది. ఆరున్నర దాటితే షుగర్ వ్యాధి కిందే లెక్క అన్నారు డాక్టరుగారు. మాత్ర రాసి, కాగితం వెనక ఒక బొమ్మ గీసి మరీ చెప్పారు. కండరం పనిచేస్తున్నంతసేపూ ఇన్సులిన్ తోడు పెద్దగా లేకుండానే రక్తంలోని చక్కెరని లోపలికి లాక్కుంటుందట. “మీరు బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చునే మనిషి. వేళ్ళకి తప్ప ఒంట్లో దేనికీ పని లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదలాలమ్మా. ఎలా కదుల్తారో మీ ఇష్టం” అన్నారు. ఆ ఆఖరి మాట అప్పుడు నా చెవిన పడలేదు. నూటయాభై అన్న అంకె ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చాను.

ముందు జిమ్‌లో చేరాను. మూడు నెలలకి కట్టి, పంతొమ్మిది రోజులు వెళ్ళాను. అక్కడివాళ్ళు మంచివాళ్ళే. కానీ నాలుగు గోడలా అద్దాలు. ఎటు తిరిగినా నేనే కనిపిస్తాను, చెమట కారుస్తూ, గడియారం చూసుకుంటూ. పక్కన ఎవరున్నారో తెలీదు, చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరి లోకంలో వాళ్ళు. ఇరవయ్యో రోజు తలనొప్పి అని మానేశాను. ఆ మర్నాడు తలనొప్పి లేదు, అయినా వెళ్ళలేదు. నేను రాలేదేమని అడిగే మనిషి ఆ గదిలో ఒక్కరూ లేరు.

తరవాత గోదావరి గట్టు. కోటిలింగాల రేవు నుంచి పుష్కరాల రేవు వైపు పొద్దున్నే ఎంతమందో నడుస్తారు. నది పక్కన నడక బాగోదని ఎవరనగలరు? దాన్ని పాడుచేసుకున్నది నేనే. ఫోన్లో అడుగుల లెక్క పెట్టుకున్నాను. రోజుకి పదివేలు. తెల్లవారుతూ ఆకాశం ఎర్రబడుతుంటే నేను తలొంచుకుని ఫోను చూసుకునేదాన్ని. లెక్క తక్కువైన రాత్రి పదకొండింటికి వంటింటికీ హాలుకీ మధ్య తిరిగేదాన్ని. మా ఆయన దీపం ఆర్పమని కేకేసేవారు. ఒకరోజు 9,400 దగ్గర నిద్ర ముంచుకొచ్చి పడుకుంటే, ఏదో తప్పు చేసినట్టు తెల్లవార్లూ మనసంతా అదోలా ఉంది. ఈ పదివేల లెక్క ఎక్కడిదో చాలా ఆలస్యంగా తెలిసింది నాకు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, జపాన్‌లో అడుగులు కొలిచే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టారు. దాని పేరే ‘పదివేల అడుగుల మీటరు’. పరికరానికి పెట్టిన పేరు పట్టుకుని నేను అర్ధరాత్రి వంటింట్లో తిరిగానన్నమాట! ముందే తెలిసుంటే ఆ ఎర్రటి ఆకాశాన్ని నాలుగు రోజులైనా చూసి ఉందును.

అలా లెక్క కోసం నడుస్తున్న రోజుల్లోనే ఒక ఉదయం ఆ ‘తప్’ వినపడింది.

మాది రామచంద్రాపురం దగ్గర పల్లెటూరు. 1985లో నేను తొమ్మిదో తరగతి. మా స్కూల్లో ఆడపిల్లలకి ఆటంటే టెన్నికాయిట్, లేకపోతే బాల్ బ్యాడ్మింటన్. ఎప్పుడూ విజిల్ మెళ్ళో వేలాడే మా డ్రిల్లు మేష్టారికి ఈ ఆటంటే ప్రాణం. ఇది తంజావూరు రాజుల ఇంట్లో పుట్టిందర్రా, ఇంగ్లీషువాడిది కాదు, మన దక్షిణాదిది అని గర్వంగా చెప్పేవారు. పసుపు ఉన్నితో చుట్టిన బంతి, ముప్పై గ్రాములకి మించదు. జట్టుకి అయిదుగురు. ముందు ఇద్దరు, మధ్యలో ఒకరు, వెనక ఇద్దరు. వాలీబాల్‌లా మనలో మనం అందించుకోడానికి లేదు, ఎవరి మీదికి వస్తే వాళ్ళే ఒక్క దెబ్బలో నెట్ దాటించాలి. నేను సెంటర్. పొట్టిగా ఉండేదాన్ని గానీ, బంతి ఎటు వెళ్తుందో కొట్టేవాళ్ళ భుజం చూసి చెప్పేసేదాన్ని.

పరికిణీ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఓణీ నడుముకి బిగించి కట్టుకుని ఆడేవాళ్ళం. స్కూలుకి ఉన్నవి నాలుగు మంచి బ్యాట్లు. అయిదో దానికి మూడు చోట్ల గట్ తెగితే మేష్టారే ముళ్ళు వేశారు. ఆ ముళ్ళ మీద పడిన బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. అది ఎవరి చేతికొస్తే వాళ్ళ మీద అందరం పడి నవ్వేవాళ్ళం. పక్క చేలో నీళ్ళు పెట్టినప్పుడు బంతి అందులో పడి తడిస్తే రాయిలా బరువెక్కేది. దాన్ని పిండి, రాత్రి మా ఇంట్లో పొయ్యి గట్టు మీద ఆరబెట్టి, పొద్దున్న పట్టుకెళ్ళే పని నాది. ఒకసారి ఒక పక్క కమిలిపోయింది. ఆ కమిలిన బంతితోనే ఏడాదంతా ఆడాం.

మేం చేస్తున్నది వ్యాయామమని మాకెవరూ చెప్పలేదు. అయిదున్నరకి ఇంట్లో కేక వినపడేదాకా పరిగెత్తేవాళ్ళం, అంతే. పది పాసయ్యాక పక్క ఊళ్ళో కాలేజీ, తరవాత పెళ్ళి, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఆట మానేద్దామని నేను ఏరోజూ అనుకోలేదు. ఆడమన్నవాళ్ళు లేకపోయారు.

ప్రహరీ మీంచి చూస్తే తొమ్మండుగురున్నారు. ఇటు నలుగురు, అటు అయిదుగురు. నెట్‌కి రెండు చోట్ల పురికొసతో మాట్లు. నలుగురున్న పక్క ఓడిపోతూ ఉంది, వెనక కుడిచేతి మూల ఖాళీ. బంతి పడితే అక్కడే పడుతోంది. ఎంతసేపు నిలబడ్డానో గానీ, తెల్ల పంచె మోకాళ్ళ పైకి మడిచి కట్టిన పెద్దాయన ఒకాయన బ్యాట్ చంకలో పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చారు. రిటైరైన లెక్కల మేష్టారని తరవాత తెలిసింది.

“ఏమ్మా, ఆట తెలుసా?”

“చిన్నప్పుడు ఆడానండి.”

“మరి గోడ బయట నిలబడ్డావేం? పదో మనిషి లేక ఛస్తున్నాం. గేటు అటుంది, రా.”

చెప్పులు నెట్ స్తంభం దగ్గర విడిచాను. బ్యాట్ చేతికిస్తే పిడి చుట్టూ వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. మొదటి బంతి నా తల మీంచి పోయింది. రెండోది చెక్కకి తగిలి పక్కకి పోయింది. మూడోది వస్తున్నప్పుడు, అవతల కొట్టిన కుర్రాడి భుజం చూశాను. ఎక్కడికి వస్తుందో తెలిసిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి మణికట్టు తిప్పాను. ‘తప్’. బంతి నెట్‌కి రెండు వేళ్ళ పైనించి వెళ్ళి అవతలివాళ్ళిద్దరి మధ్య పడింది. ఎవరో “శభాష్” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అవును, నలభై ఏడేళ్ళ మనిషిని, షుగర్ మనిషిని, చీర కుచ్చిళ్ళు దోపుకుని గ్రౌండులో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. అటు తిరిగి తుడుచుకున్నాను గనక ఎవరూ చూడలేదనుకుంటాను.

ఇంటికొచ్చేసరికి ఏడున్నర. ఆ పూట ఫోను ఇంట్లోనే మర్చిపోయి వెళ్ళానన్న సంగతి బ్యాంకులో కూర్చున్నాక గాని గుర్తురాలేదు. అడుగులెన్నో తెలీదు.

మర్నాడు వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. అయిదో రోజు ముందుకి ఉరికిన బంతి కోసం ఉరికితే కుడి పిక్కలో ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. వెనక్కి తిరిగి చూశాను కూడా, నిజంగానే ఎవరో కొట్టారేమోనని. కండరం చిట్లింది. ముప్పై ఏళ్ళు కూర్చున్న కాలిని ఒళ్ళు వెచ్చబడకుండా ఒక్కసారి ఉరికించడం నా తప్పే. మూడు వారాలు మంచం, కుర్చీ. నేను ఎరిగిన నన్ను బట్టి చూస్తే కథ అక్కడ అయిపోవాలి. జిమ్ అలాగే అయిపోయింది, గట్టు మీద నడకా అంతే.

రెండో రోజే మాతో ఆడే కిరాణా కొట్టాయన సైకిల్ మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “ఏవండీ, మేడంగారు ఇంకా ఎన్నాళ్ళండి? మళ్ళీ నలుగురమైపోయామండి మేం” అని మా ఆయన్ని అడిగాడు. ఆదివారం లెక్కల మేష్టారే వచ్చారు. కాలు చూసి, గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం ఎలాగో స్వయంగా చేసి చూపించారు. నొప్పి లేనంత మేరకే చెయ్యి, పంతానికి పోకు అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: “ఆడలేకపోతే మానెయ్, వచ్చి కూర్చుని స్కోరు రాయి. రావడం మాత్రం మానకు.” పదిరోజులయ్యాక కుంటుకుంటూ వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని స్కోరు రాశాను. మా చిన్నప్పుడు గేము 29కి, ఇప్పుడు 35కి ఆడుతున్నారు. అది కూడా ఆ కుర్చీలోనే తెలిసింది. ఆ తరవాత మేమెవరం పది నిమిషాలు ఒళ్ళు సాగదీసుకోకుండా బ్యాట్ ముట్టుకోలేదు. కరెంటు ఆఫీసులో పనిచేసే కుర్రాడికి ఓపిక ఉండదు, వాణ్ణి మేష్టారు చెవి పట్టుకుని వంచేవారు.

ఇంట్లో అందరూ మెచ్చుకున్నారని చెప్పను. మా అత్తయ్యకి అప్పుడు డెబ్భై నాలుగు. “కాలు విరగ్గొట్టుకున్నా బుద్ధి రాలేదా అమ్మాయ్? మగాళ్ళతో ఈ వయసులో గెంతులేమిటి?” అన్నారు. నేను గట్టిగా ఏం చెప్పలేదు. “ఒక్కరోజు వచ్చి చూడండత్తయ్యా, చూశాక మానమంటే మానేస్తాను” అన్నాను. ఇంటికీ గ్రౌండుకీ అర కిలోమీటరు లోపే. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, గుడికి కూడా ఆటోలోనే వెళ్తారు. నా చెయ్యి పట్టుకుని, దారిలో మూడు చోట్ల ఆగి, వచ్చి అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. మొదటి గేము అయ్యేదాకా మూతి ముడుచుకునే ఉన్నారు. రెండో గేములో నేను ఒక తేలిక బంతి వదిలేస్తే, “అయ్యో, ముందుకి రావేం!” అని వెనకనుంచి గట్టిగా కేక. అందరం తిరిగి చూశాం. మర్నాడు పొద్దున్న అయిదుంబావుకి నా తలుపు కొట్టింది ఆవిడే. నెల తిరిగేసరికి దారిలో ఒక్కచోటే ఆగేవారు. నడక మంచిదని ఆవిడకి డాక్టర్లు పదేళ్ళుగా చెప్తున్నారు. ఆ కుర్చీ కోసం, మేష్టారితో లైను బంతుల మీద పోట్లాట కోసం ఆవిడ నడిచారు.

లైన్ల సంగతి చెప్పాలి. మొదట్లో సున్నం పోసేవారు, వంకరటింకరగా. ఒకరోజు నేను ముగ్గు పిండి పట్టుకెళ్ళాను. 24 మీటర్ల పొడవు కోర్టు, 12 వెడల్పు. అటూ ఇటూ మేకులు కొట్టి పురికొస లాగి, దాని పక్కన వంగి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య నుంచి పిండి వదుల్తూ వెనక్కి నడవాలి. పిండి జారే వేగం, అడుగు పడే వేగం కలిస్తేనే గీత ఒకే మందాన వస్తుంది. ఇంటి ముందు ఇన్నేళ్ళు వేసిన చెయ్యి కదా, కొస నుంచి కొసకి ఎక్కడా తెగలేదు. ఆ వంగడం, లేవడం, వెనక్కి నడవడం అయ్యేసరికి ఆట మొదలవకుండానే ఒళ్ళంతా వెచ్చబడేది. ఇది నాకు ఆటకంటే కాస్త ఎక్కువ ఇష్టమేమో కూడా. చీకట్లో తెల్లగా కోర్టు ఒక్కో గీతే లేచి వస్తుంటే చూడాలి.

2016లో రియోలో సింధు రజతం గెలిచాక మా పేట పిల్లలంతా షటిల్ కోచింగులకి వెళ్ళారు. అది మంచిదే, సంతోషమే. ఉన్ని బంతి ఆట ఆడేది మాత్రం ఎక్కువగా మా వయసువాళ్ళే మిగిలాం. బంతులు దొరకడం కూడా కష్టమైంది. పాత బంతికి ఉన్ని నూగు లేచి ఉబ్బిపోతే, నర్సుగా పనిచేసే మా జట్టావిడ కత్తెరతో ఆ నూగు కత్తిరించి మళ్ళీ గుండ్రం చేసేది, పసిపిల్లాడికి జుట్టు కత్తిరించినంత జాగ్రత్తగా.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ తరవాత గేటుకి తాళం. బ్యాంకు తీసే ఉంచాం గనక నాకు పగలు పని ఉండేది, పొద్దున్న మాత్రం ఏమీ తోచేది కాదు. నాలుగో రోజు పాత మేజోడులో ఉన్ని బంతి వేసి ముడేసి, మేడ మీద దండేనికి పురికొసతో వేలాడగట్టాను. కొడితే పోయి, తిరిగి నా దగ్గరికే వస్తుంది. అత్తయ్య పిట్టగోడ పక్కన కూర్చుని లెక్కపెట్టేవారు. ఆవిడ రికార్డు పుస్తకంలో నా ఎక్కువ సంఖ్య 212. ఆ అంకె కోసం నేను బెంగపడలేదు, ఆవిడ మాత్రం 213 చూడాలని పట్టుబట్టారు. మా అబ్బాయి హైదరాబాదు నుంచి వీడియోలో అది చూసి, వాడూ వాడి గదిలో ఏదో వేలాడగట్టాడు. సాయంత్రాలు మేం పదిమందిమీ ఫోన్లలో కలిసేవాళ్ళం. ఆ కబుర్లలో మేష్టారు ఒకటే అనేవారు, గడ్డి పెరిగిపోతుందర్రా అని.

2021 మేలో మేష్టారు వెళ్ళిపోయారు. ఆసుపత్రిలో ఆరు రోజులున్నారు. మాలో ఎవరం చివరి చూపుకి వెళ్ళలేకపోయాం. గ్రౌండు మళ్ళీ తెరిచాక, నిజంగానే మోకాలెత్తు గడ్డి. రెండు రోజులు అందరం కలిసి పీకాం. ఆ రెండు రోజులూ ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. మేష్టారి భార్య ఆయన బ్యాట్ పంపించారు. పిడికి చుట్టిన గుడ్డ ఆయన చెమటకి నల్లబడి ఉంది. ఆ గుడ్డ మార్చలేదు. ఆటో నడిపే కుర్రాడు ఆయన చోట వెనక ఎడమ మూల ఆడతాడు, ఆ బ్యాట్ వాడిదే ఇప్పుడు. మేం తొమ్మండుగురమే అయిన రోజుల్లో ఎవరో ఒకరం గేటు బయట నిలబడి దారినపోయే వాళ్ళని పిలుస్తుంటాం. అలా వచ్చినవాళ్ళలో ముగ్గురు ఇప్పుడు మావాళ్ళు.

నా షుగర్ సంగతి అడిగేవాళ్ళుంటారు. 7.6 నుంచి ఆ మొదటి ఏడాది చివరికి 6.7కి దిగింది. మాత్ర మానలేదు, అన్నం తగ్గించాను, మధ్యలో ఒకసారి పెళ్ళిళ్ళ సీజన్లో మళ్ళీ ఏడు దాటింది. ధనుర్మాసంలో మంచుకి బంతి తడిసి బరువెక్కుతుంది గనక ఆరున్నర దాటాక గాని మొదలుపెట్టం. అప్పటిదాకా ఫ్లాస్కులో టీ తాగుతూ, నిలబడి చేతులు తిప్పుకుంటూ కబుర్లు. నాది మాత్రం చక్కెర లేని టీ.

నిన్న పొద్దున్న మూడో గేము 34–33లో ఉంది. మేమే ముందున్నాం. ఎండెక్కుతుంటే గోదావరి వైపు నుంచి గాలి లేచింది. సర్వీసు నాది. గాలికి వాలుగా కొడితే బంతి వంపు తిరిగి వెనక లైను దగ్గర పడింది. మేం గెలిచామని అరిచాం, వాళ్ళు అవుట్ అని అరిచారు. సరిగ్గా ఆ చోట గీత ఎవరి కాలో పడి చెరిగిపోయి ఉంది. అత్తయ్య కర్ర పొడుచుకుంటూ కుర్చీలోంచి లేచి వచ్చారు. బంతి తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఉన్నిలో ముగ్గు పిండి అంటిందేమోనని చుట్టూ తిప్పి చూశారు. అంటింది. కానీ ఒక్క చోట కాదు, పొద్దుటి నుంచి పడ్డ లైను బంతుల పిండంతా దాని మీదే ఉంది. కిరాణా కొట్టాయన అద్దాలు పెట్టుకుని చూశాడు. నర్సమ్మ చూసింది. కరెంటు కుర్రాడు ఫోన్లో దీపం వేసి చూశాడు. అత్తయ్య బంతి తన కొంగులో ముడేసుకున్నారు.

“ఇది నా దగ్గరుంటుంది. రేపు 34–33 నుంచే మొదలు. అమ్మాయ్, నువ్వు ముందొచ్చి ఆ గీత సరిగ్గా వెయ్యి.”